వేలు వాలిన చోటికే షూ రావాలి: ఒక ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ సర్దుబాటు కేసు

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందిది ఒకటే పరిస్థితి. చేతిలో ఉన్న రైఫిల్ మంచిదే, జర్మనీలో తయారైనదే, కానీ కొత్తది కాదు. హైదరాబాద్‌లోనో పుణెలోనో ఎవరో పెద్ద షూటర్ కొన్నేళ్లు వాడి అమ్మినది. గ్రిప్, ట్రిగ్గర్, చెంప ఆనించే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్ అన్నీ ఆ మొదటి మనిషి ఒంటికి తగ్గట్టు బిగించి ఉంటాయి. కొన్నవాళ్లు బట్ ప్లేట్ పొడవు తగ్గించుకుంటారు, చీక్ పీస్ దించుకుంటారు, సైట్ సరిచేసుకుంటారు. ట్రిగ్గర్ జోలికి మాత్రం వెళ్లరు. లోపలి యంత్రాంగం పాడవుతుందన్న భయం ఒకటి, అసలు దాన్ని కదపవచ్చని ఎవరూ చెప్పకపోవడం మరొకటి.

ట్రిగ్గర్ షూ అంటే వేలు ఆనే ముక్క. మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్ అంతా ఒకే లోహపు ముక్కగా ఉంటుంది. వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్, స్టైర్ వంటి పోటీ రైఫిళ్లలో లోపలి మీటకు తగిలించి, వేలు ఆనే భాగాన్ని విడిగా చిన్న గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూతో) బిగిస్తారు. స్క్రూ వదులు చేస్తే షూ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చాలా మోడళ్లలో పక్కకు తిరుగుతుంది, కొంత వాలుతుంది కూడా. షూను జరపడం వేరు, లోపలి సియర్ (షాట్ వెళ్లే దాకా యంత్రాంగాన్ని పట్టి ఉంచే కొక్కెం) పట్టును మార్చే స్క్రూలను తిప్పడం వేరు. మొదటిది ప్రతి షూటర్ నేర్చుకోవలసిన పని. రెండోది తయారీదారు ఇచ్చిన పుస్తకం చూడకుండా ఎవరూ చేయకూడని పని.

షూ గురించి నన్ను అడిగేవాళ్లందరూ ‘ఏది కొనాలి’ అనే అడుగుతారు. ‘ఎక్కడ బిగించాలి’ అని అడిగేవాళ్లు అరుదు. రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి సగం జవాబు దానంతటదే దొరుకుతుందని నా నమ్మకం. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే.

షూటర్, ఫిర్యాదు

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. పదిహేడేళ్లు. కుడిచేతి వాటం. తండ్రి రొయ్యల చెరువుల రైతు. స్కూల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ పేల్చి, గురి బాగుందని అందరూ అంటే ఎయిర్ రైఫిల్‌కు వచ్చింది. నిలకడ ఉన్న పిల్ల. నిలబడే భంగిమ బాగుంది, ఊపిరి అదుపు బాగుంది, జాకెట్ ఒంటికి సరిపోయింది. అయినా అరవై షాట్ల స్కోరు 600 దగ్గర ఆగిపోయి నెలలు గడిచాయి.

లెక్క తెలియనివారి కోసం ఒక మాట. ఈ పోటీలో అరవై షాట్లు, 75 నిమిషాలు. ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9 చొప్పున మొత్తం 654. జాతీయ జట్టులో చోటు కోసం పోటీపడే అమ్మాయిలు 630 దాటుతున్నారు. అంటే వాళ్ల సగటు షాట్ 10.5. ఈ అమ్మాయి సగటు 10.0. పైకి చూస్తే అర పాయింటు తేడా. లక్ష్యం మీద కొలిస్తే, పెల్లెట్ మధ్యబిందువు కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు జరిగిన ప్రతిసారీ 0.1 పాయింటు పోతుంది. కాబట్టి ఆ అర పాయింటు సుమారు ఒకటింపావు మిల్లీమీటరు.

తండ్రి మొదటి రోజే అడిగారు: “మాస్టారూ, మంచి షూ ఒకటి తెప్పిద్దామంటారా? ఖర్చు ఎంతైనా పర్వాలేదండీ.” అమ్మాయి ఫిర్యాదు వేరు: “ట్రిగ్గర్ బాగా గట్టిగా ఉంది సార్. లాగే సరికి గురి కదిలిపోతోంది.”

ముందుగా ట్రిగ్గర్ బరువు చూశాను. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సన్నని తీగతో కొక్కెం చేసి, కంసాలి దగ్గర తెచ్చుకున్న ఇత్తడి తూకం రాళ్లు దానికి కట్టి, గొట్టం నిట్టనిలువుగా పైకి ఉండేలా రైఫిల్‌ను పట్టుకుని, కొక్కెం వేలు ఆనే చోట తగిలించి మెల్లగా ఎత్తితే చాలు. పెల్లెట్ లేకుండా, డ్రై ఫైరింగ్ మీటలో (నిజంగా పేలకుండా ట్రిగ్గర్ మాత్రమే తెగే అమరికలో) పెట్టి చేయాలి. ఈ ట్రిగ్గర్‌కు రెండు దశలు: మొదటిది వేలికి అడ్డు తగిలే దాకా వచ్చే ప్రయాణం, రెండోది సియర్ తెగి షాట్ వెళ్లే చోటు. మొదటి దశకు 70 గ్రాములు, రెండో దశ తెగడానికి మరో 40. మొత్తం 110. ఎయిర్ పిస్టల్‌కు నిబంధనల ప్రకారం కనీసం 500 గ్రాములు ఉండి తీరాలి. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస పరిమితి లేదు కాబట్టి ఈ స్థాయి బరువులు మామూలే. 110 గ్రాములు గట్టి ట్రిగ్గర్ కానే కాదు. అయినా ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. వేలికి గట్టిగా తోస్తోందంటే, వేలు బలహీనమైన స్థితిలో పని చేస్తోందని అర్థం. అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాను.

కార్డులు ఏం చెప్పాయి

మా దగ్గర ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు. కాగితపు కార్డులే. స్కోరుకు అవి కొంచెం తక్కువే కావచ్చు గానీ, రోగం కనిపెట్టడానికి కాగితం చాలా నిజాయితీ గల సాక్షి. ఒకే కార్డు మీద పది షాట్లు వేయించి, గుంపు వెడల్పునూ ఎత్తునూ, రంధ్రాల మధ్యబిందువుల లెక్కన, వెర్నియర్‌తో విడివిడిగా కొలిచాను. వెడల్పు ఏడు మిల్లీమీటర్లు, ఎత్తు నాలుగు. మరో కార్డు, మరో కార్డు. అంకెలు కొంచెం మారాయి గానీ ఆకారం మారలేదు. అడ్డంగా సాగిన గుంపు.

ఊపిరి తేడా, సైట్‌లో కనిపించే లక్ష్యాన్ని నిలిపే ఎత్తులో తేడా సాధారణంగా నిలువు చెదురుగా కనిపిస్తాయి. అడ్డంగా చెదిరితే పాదాల దిశ, ఒంటి ఊగు, ట్రిగ్గర్ వేలు, రైఫిల్ పక్కకు ఒరగడం చూడాలి. పాదాలు, ఒరుగు పరీక్షించి పక్కన పెట్టాను. ఇంకొక విషయం కూడా కార్డుల్లో కనిపించింది. షాట్ల వరుస గుర్తుపెట్టుకుంటూ వేయిస్తే, మొదటి షాట్లు ఎడమవైపు, అలసట మొదలయ్యాక వేసినవి కుడివైపు పడుతున్నాయి. ఒకే తప్పు ఒకే దిక్కుకు లాగుతుంది. ఇక్కడ రెండు దిక్కులు ఉన్నాయి.

వేలిముద్రలకు వాడే సిరాను షూ మీద పలుచగా పూసి, ఒక్కో డ్రై ఫైర్ తరువాత వేలు చూశాను. మొదట్లో మరక వేలి చివరి అంచున, దాదాపు గోరు కింద పడింది. కొంతసేపటికి అదే మరక మొదటి కణుపు మడతకు చేరింది. ఫోన్ కెమెరాను స్టాండ్‌కు బిగించి పై నుంచి స్లో మోషన్‌లో తీస్తే కారణం స్పష్టమైంది. చెయ్యి చిన్నది. మణికట్టు మడత నుంచి మధ్యవేలి చివరి దాకా 162 మిల్లీమీటర్లు. పాత యజమాని చెయ్యి పెద్దది. గ్రిప్ దళసరిగా ఉంది, షూ బాగా ముందుకు జరిపి ఉంది. ఆ పిల్ల వేలు నిటారుగా చాచి, కొసతో షూను అందుకుంటోంది. చాచిన వేలు స్టాక్ పక్కను రాసుకుంటూ వస్తోంది. లాగినప్పుడు నేరుగా వెనక్కు రాకుండా ఏటవాలుగా ఎడమకు నెడుతోంది. అలసిపోయాక అరచేతిని గ్రిప్ చుట్టూ ఇంకా ముందుకు తోసి, కణుపుతో పట్టి లాగుతోంది. అప్పుడు కుడికి. కణుపుతో లాగడం ఎన్‌సీసీ .22 దగ్గర అలవాటైంది. ఆ రైఫిల్ ట్రిగ్గర్ చాలా బరువు. అక్కడ వేలు లోపలికి దూర్చక తప్పదు. శరీరం కష్టంలో పడగానే పాత అలవాటునే వెతుక్కుంటుంది.

అసలు వేలు ఎలా ఉండాలంటే, మధ్య కణుపు దాదాపు లంబకోణంలో మడిచి, చివరి కణుపు భాగం గొట్టానికి అడ్డంగా ఉండాలి. షూను తాకేది వేలి మెత్త. కొసా కాదు, మడతా కాదు. వేరెక్కడా వేలు స్టాక్‌ను తాకకూడదు. అలా ఉన్నప్పుడు ఆ మెత్త కదిలే చిన్న దూరం గొట్టానికి సమాంతరంగా ఉంటుంది, బలమంతా వెనక్కే వెళ్తుంది.

పక్క బలం కొన్ని గ్రాములే కదా, అయిదున్నర కిలోల దాకా ఉండే రైఫిల్‌ను అది ఏం కదుపుతుంది అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకుంటే, లక్ష్యం మీద పావు మిల్లీమీటరు తేడా రావడానికి ముందు సైట్ పక్కకు 0.02 మిల్లీమీటర్లు జరిగితే చాలు. కన్ను దాన్ని పసిగట్టలేదు. పైగా వేలు పక్కకు నెడుతున్నంత సేపూ భుజం, చెంప, ఎడమ చెయ్యి తెలియకుండానే ఎదురు బలం ఇచ్చి రైఫిల్‌ను నిలబెడతాయి, గురి నిలకడగానే కనిపిస్తుంది. సియర్ తెగిన క్షణంలో వేలి బలం ఒక్కసారిగా మారిపోతుంది, ఎదురు బలం మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే రైఫిల్ కదులుతుంది. “అంతా బాగుంది సార్, ఎందుకు 9.8 పడిందో తెలియదు” అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

ముందు చెయ్యి

షూ ముట్టుకోకముందు గ్రిప్ చూడాలి. ఈ క్రమం మీద నాకు చాలా పట్టుదల ఉంది. అరచెయ్యి ఎక్కడ కూర్చుంటుందో తేలకుండా షూను జరిపితే, రేపు చెయ్యి రెండు మిల్లీమీటర్లు జరగగానే చేసిన పనంతా వృథా. గ్రిప్‌ను సరిచేయకుండా ఖరీదైన షూలు మార్చి మార్చి చూసిన షూటర్లను చూస్తే బాధ కలుగుతుంది. డబ్బు పోయినందుకు అంతగా కాదు, వాళ్లు తమ వేలి మీదే నమ్మకం పోగొట్టుకుంటారు.

అసలు గ్రిప్‌ను అరగదీయడం ఇష్టం లేక, ఊళ్లో నైపుణ్యం గల వడ్రంగి చేత టేకుతో నకలు చెక్కించాం. దాని కుడివైపు ఉబ్బును ఆకురాయితో కొంచెం కొంచెంగా తగ్గించి, అరచెయ్యి ఇంకాస్త చుట్టుకునేలా చేశాం. చిటికెన వేలి కింద ఎం-సీల్ ముద్ద పెట్టి, చెయ్యి కిందికి జారకుండా ఆధారం ఇచ్చాం. ముద్ద గట్టిపడకముందే ఆ అమ్మాయి జాకెట్ వేసుకుని, పూర్తి భంగిమలో నిలబడి పట్టుకుంది. కుర్చీలో కూర్చుని పట్టుకుంటే మణికట్టు కోణం వేరుగా ఉంటుంది, ముద్ర తప్పు పడుతుంది.

గ్రిప్ పట్టే బలం గురించి కూడా ఇక్కడే చెప్పాను. వేళ్ల స్నాయువులు పూర్తిగా వేరు కావు. చూపుడు వేలు మడిచినప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకోవడానికి చూస్తాయి. పట్టు ముందే స్థిరంగా ఉండి, లాగే సమయంలో మారకుండా ఉంటే ఆ బిగువు గురిని తాకదు. చెయ్యి వెతుక్కోకుండా ఒకే చోట కూర్చునే గ్రిప్ అయితేనే పట్టు స్థిరంగా ఉంటుంది.

తరువాత షూ చోటు

కొత్త గ్రిప్ మీద పాత షూతోనే మొదలుపెట్టాం. సేఫ్టీ ఫ్లాగ్ (గొట్టం ఖాళీగా ఉందని చూపే గుర్తు) గొట్టంలో ఉంచి, షూను పూర్తిగా తీసేశాం. అమ్మాయి రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, చెయ్యి కుదుర్చుకుని, చూపుడు వేలిని గాల్లోనే ట్రిగ్గర్ లాగుతున్నట్టు వంచింది. ఏ వస్తువూ అడ్డం లేనప్పుడు వేలు తనంతట తాను వెళ్లే దారి అది. దాన్ని కూడా పై నుంచి ఫోనుతో తీశాను. వేలి మెత్త ఎక్కడ ఆగుతోందో అక్కడికి షూ రావాలి, అంతే. వేలిని షూ దగ్గరకు పంపడం మానేయాలి.

షూను ఏడు మిల్లీమీటర్లు వెనక్కు జరపవలసి వచ్చింది. వెనక్కు జరిపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మొదటి దశ ప్రయాణం పూర్తయి, రెండో దశ తెగి, ట్రిగ్గర్ స్టాప్‌కు (షూ ఇంకా వెనక్కు పోకుండా ఆపే అడ్డుకు) తగిలే దాకా షూ ఎక్కడా గ్రిప్‌కు గానీ ట్రిగ్గర్ గార్డ్‌కు గానీ తగలకూడదు. వేలు మడిచినప్పుడు దాని లోపలి భాగం గ్రిప్ ముందు అంచుకు రాసుకోకూడదు. ఆమెకు కొంచెం రాసుకుంటోంది. ఆ అంచును గుండ్రంగా అరగదీశాం.

ఆ తరువాత కోణం. వేలు గ్రిప్ నుంచి కొంచెం కింది వైపు నుంచి, కుడి నుంచి వస్తుంది. షూ ముఖం గొట్టానికి సరిగ్గా లంబంగా ఉంటే చూడటానికి అందంగా ఉంటుంది గానీ, ఆ పిల్ల వేలి మెత్త దాని మీద ఒక అంచుకే ఆనుతోంది. షూను కొద్దిగా కుడికి తిప్పి, కింది అంచు కొంచెం ముందుకు వచ్చేలా వాల్చగానే సిరా మరక మెత్త నడిమధ్యకు వచ్చింది. ఎన్ని డిగ్రీలు అని అడగవద్దు. సిరా మరక గుండ్రంగా, మధ్యలో పడే దాకా తిప్పాలి. మరక ఒకవైపు సాగి ఉంటే బలం ఆ వైపుకు పోతోందని అర్థం.

ఈ దశలో ట్రిగ్గర్ బరువును నేను ముట్టుకోలేదు. మళ్లీ తూస్తే అదే 110. అయినా అమ్మాయి, “ఇప్పుడు తేలికైంది సార్, తగ్గించారా?” అని అడిగింది. షూ మార్చకముందే, కేవలం చోటు మార్చినందుకే, పది షాట్ల గుంపు వెడల్పు ఏడు నుంచి అయిదు మిల్లీమీటర్ల చేరువకు వచ్చింది.

ఇక షూ ఆకారం

పాత షూ పొడవుగా, లోపలికి వంపు తిరిగి, మధ్యలో వెడల్పుగా ఉంది. పొడవాటి షూలో ఒక చిక్కు ఉంది. వేలు దాని మీద ఎక్కడ ఆనినా పని జరుగుతుంది కాబట్టి, వేలు ఎక్కడ ఆనిందో షూటర్‌కు తెలియదు. మీట ఇరుసు పైన ఉంటుంది. ఇరుసుకు దగ్గరగా లాగితే ఎక్కువ బలం కావాలి, దూరంగా లాగితే తక్కువ. తలుపును బందుల దగ్గర నెట్టడానికీ గడియ దగ్గర నెట్టడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఇరుసు నుంచి 28 మిల్లీమీటర్ల దగ్గర 110 గ్రాములకు తెగే ట్రిగ్గర్, 24 మిల్లీమీటర్ల దగ్గర లాగితే సుమారు 128 గ్రాములకు తెగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడాతో వేలు పైకీ కిందికీ తిరుగుతున్న షూటర్ ఒక్కో షాట్‌కు ఒక్కో ట్రిగ్గర్ లాగుతున్నట్టే. ఈ అమ్మాయి సిరా మరకలు షూ మీద నిలువుగా కూడా చెదిరి ఉన్నాయి.

ప్రయత్నించినవాటిలో మొదటిది వెడల్పైన చదును షూ. వెడల్పు షూ మీద అదే బలం ఎక్కువ చర్మానికి పంచుకుంటుంది కాబట్టి ట్రిగ్గర్ తేలికగా తోస్తుంది. చలి దేశాల్లో వేళ్లు మొద్దుబారినప్పుడు దీనికి ఉపయోగం ఉండవచ్చు. మన దగ్గర ఆ అవసరం లేదు. చిన్న వేలికి వెడల్పు షూ అంచు తగులుతూనే ఉంటుంది, బలం మధ్యన ఉందో అంచున ఉందో వేలు చెప్పలేకపోతుంది. ఆమెకు నచ్చింది. కార్డుకు నచ్చలేదు. గుంపు వెడల్పు మళ్లీ పెరిగింది.

రెండోది చిన్న గుండు ఆకారం. గుండు ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది, అందుకే వేలి చోటు ప్రతిసారీ ఒకటే. మీట లెక్క మారదు. గుంపు బాగా చిన్నదైంది. ఇబ్బంది సమయంతో వచ్చింది. పూర్తి అరవై షాట్లు, దానికి ముందు గురి సరిచూసుకునే షాట్లు, అంతసేపు ఒకే బిందువు మీద ఒత్తిడి పడితే వేలి మెత్త మొద్దుబారుతుంది. చివరి ఇరవై షాట్లలో మొదటి దశ ఎక్కడ ఆగిందో తెలియడం లేదని ఆమె చెప్పింది. కొందరు పెద్ద షూటర్లు గుండుతోనే హాయిగా వేస్తారు. ఇది ఈ వేలికి సంబంధించిన మాట మాత్రమే.

ఈ రెండింటి గుణాలూ కలిపి ఒకటి చేయించాలనిపించింది. చెరువుల ఏరేటర్ల షాఫ్టులు తిప్పే లేత్ షాపు ఒకటి మాకు దగ్గరలో ఉంది. అక్కడి మేస్త్రీ వందో వంతు మిల్లీమీటరు మాట చెప్తే నవ్వకుండా వినే మనిషి. అల్యూమినియంతో పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తు, ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పొట్టి షూ చేశారు. ముఖం దాదాపు చదును, అంచులన్నీ గుండ్రం, పైనా కిందా చాలా చిన్న గట్టు. వేలు ఆ రెండు గట్ల మధ్యే కూర్చుంటుంది, పైకీ కిందికీ జరగదు. ముఖాన్ని నునుపు చేయవద్దన్నాను. డెల్టా ఉక్కలో, మందపాటి జాకెట్ లోపల, వేలికి చెమట పట్టక మానదు. అద్దంలాంటి ముఖం మీద వేలు జారుతుంది. లోతైన గరుకు గీతలు మాత్రం చర్మాన్ని కోస్తాయి. సన్న గరుకు కాగితంతో నిలువుగా రుద్దితే ఆ రెండూ రావు.

ఇత్తడి వద్దని అల్యూమినియం ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. ఇంత తేలికైన ట్రిగ్గర్ మీట మీద బరువైన షూ వేలాడితే, రైఫిల్‌కు కుదుపు తగిలినప్పుడు ఆ బరువే మీటను కదపవచ్చు. ఏ షూ మార్చినా, పెల్లెట్ లేకుండా, డ్రై ఫైరింగ్‌కు ఎక్కించి, గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, బట్‌ను అరచేత్తో కొన్నిసార్లు గట్టిగా తట్టి చూడాలి. సియర్ తెగితే ఆ అమరికతో పెల్లెట్ ఎక్కించకూడదు. ఈ పరీక్ష దాటకుండా మా దగ్గర ఎవరినీ లైన్ మీదికి రానివ్వను.

పొట్టి షూతో వేలు ఇరుసుకు దగ్గరైంది. తూస్తే లెక్క చెప్పినట్టే 128 దరిదాపుల్లో ఉంది. బరువు స్క్రూ తిప్పి మళ్లీ 110కు తెచ్చాను. లేకపోతే ఆకారం వల్ల వచ్చిన తేడా ఏదో, బరువు వల్ల వచ్చిన తేడా ఏదో తేలదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. నాలుగు షూలనూ రోజుకో వరుసలో, సాయంత్రం ఒకే వేళలో వేయించాను. అంతా అయ్యే దాకా ఆమెకు కార్డులు చూపించలేదు. షూ ఆకారం వేలికి తెలుస్తుంది, దాన్ని దాచలేం. కానీ స్కోరు చూసి ఇష్టం పెంచుకోవడాన్ని ఆపవచ్చు. లేత్ షాపు షూతో గుంపు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లకు వచ్చి, వరుస చివరి దాకా అలాగే నిలిచింది. గుండు షూ మొదట్లో ఇంతకంటే మేలు, చివర్లో తీసికట్టు.

ట్రిగ్గర్ స్టాప్‌ను కూడా అప్పుడే సరిచేశాను. సియర్ తెగిన తరువాత షూ ఎక్కువ దూరం వెనక్కు వెళ్తే, వేలు ఊపుతో వెళ్లి స్టాప్‌ను ఢీకొంటుంది. ఆ దూరాన్ని తగ్గించాలి, కానీ మరీ సున్నాకు తేకూడదు. దుమ్ము చేరినా, ఎండకు లోహం వ్యాకోచించినా ట్రిగ్గర్ తెగకుండా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

బిగింపు, తుప్పు

సముద్రపు గాలి ఉన్న చోట గ్రబ్ స్క్రూ గురించి రాయకపోతే ఈ కేసు పూర్తి కాదు. నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పు తేమ మామూలు ఉక్కు స్క్రూను ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టిస్తుంది. తరువాత అలెన్ కీ పెడితే లోపలి ఆరు పలకలు అరిగిపోయి స్క్రూ తిరగదు. స్టెయిన్‌లెస్ స్క్రూ వేశాం. అల్యూమినియంలో ఉక్కు స్క్రూ తేమకు పట్టేసుకునే గుణం ఉంది కాబట్టి స్క్రూ మరలకు నీలం రంగు లాక్‌టైట్ (మరలను పట్టి ఉంచే జిగురు) చుక్క పెట్టాం. వదులు కాకుండా పట్టుకుంటుంది, కావాలంటే మామూలు కీతోనే వస్తుంది. ఎర్ర రంగుది ఇంత చిన్న స్క్రూకు వాడితే ఊడదీయడం నరకం. రైఫిల్ పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి ఎండబెడుతున్నారు.

షూ చోటును గోళ్ల రంగుతో గుర్తు పెట్టాం. షూ మీదా మీట మీదా కలిపి సన్నని గీత గీస్తే, స్క్రూ ఎప్పుడు జరిగినా గీత విరిగి కనిపిస్తుంది. పోటీకి ముందు సామగ్రి తనిఖీలో ఎవరైనా రైఫిల్ పట్టుకున్నా, బస్సు ప్రయాణంలో కుదుపులు తగిలినా, ముందు ఆ గీత చూసుకోమని చెప్పాను. ట్రిగ్గర్ గార్డ్ లోపలి అంచు నుంచి షూ దాకా వెర్నియర్ కొలత కూడా ఒక కార్డు మీద రాసి పెట్టెలో ఉంచాం.

ఆ తరువాత

కొత్త అమరిక చేతికి అలవాటు కావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో పోటీకి పంపలేదు. వేలికి కొత్త దారి నేర్పడానికి డ్రై ఫైరింగ్ కంటే మంచిది లేదు. ఖాళీ గోడ వైపు, లక్ష్యం లేకుండా, కేవలం వేలు నేరుగా వెనక్కు రావడాన్ని గమనిస్తూ చేయించాను. లక్ష్యం కనిపిస్తే కన్ను మనసును లాక్కుపోతుంది.

ఇప్పుడు స్కోరు 610కి పైన స్థిరంగా ఉంది. గుంపు గుండ్రంగా ఉంది. మిగిలిన చెదురు నిలువుదీ అడ్డందీ సమానంగా ఉండటం వల్ల, దాన్ని ట్రిగ్గర్‌కు అంటగట్టడం సరికాదు. అది భంగిమ, నిలకడల పని, దానికి ఏళ్లు పడతాయి. పోటీ ఒత్తిడిలో, ముఖ్యంగా సమయం దగ్గర పడినప్పుడు, కణుపుతో లాగే ఎన్‌సీసీ అలవాటు ఇంకా అప్పుడప్పుడు తల ఎత్తుతోంది. షూ మీది గట్లు దాన్ని కొంత అడ్డుకుంటున్నాయి, పూర్తిగా కాదు. పదిహేడేళ్ల చెయ్యి ఇంకా కొంచెం పెరగవచ్చు కాబట్టి, ప్రతి సీజన్‌కు ముందు సిరా పరీక్ష మళ్లీ చేస్తాం.

మొన్న తండ్రి వచ్చి, ఇంట్లో తమ్ముడు కూడా ఇదే రైఫిల్‌తో నేర్చుకుంటానంటున్నాడని అడిగారు. వాడి చెయ్యి అక్క చెయ్యి కంటే ఇప్పటికే పెద్దది. అసలు గ్రిప్, అసలు షూ పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాడికి అవే బిగించి, సిరా పరీక్ష చేసి, వాడి చోటును వేరే రంగు గోళ్ల రంగుతో గుర్తు పెడతాం. కానీ గ్రిప్ మార్చిన ప్రతిసారీ షూ, ట్రిగ్గర్ బరువు, స్టాప్ మూడూ మళ్లీ చూడాలని, పోటీల నెలల్లో మాత్రం రైఫిల్ అక్క చేతిలోనే ఉండాలని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.